చలివేకువలో మోటారుసైకిలు

యంత్రముల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా వాని వేగమును, బలమును, నిర్మాతల పేరులను పేర్కొని తృప్తి చెందుదురు. ఆ యంత్రమును దినదినము వాడుకొనిన మానవుని చేతి నేర్పును గూర్చి వ్రాయువారు అరుదు. మోటారుసైకిలు విషయములో ఈ లోపము మరింత స్పష్టముగా కనిపించును. అది గంటకు ఎన్ని మైళ్లు పోగలదో చెప్పు గ్రంథములు కలవు. రాత్రియెల్ల మంచులో తడిసి చల్లబడిన బండిని డిసెంబరు వేకువను యజమాని ఎట్లు మేలుకొలిపెనో చెప్పునవి బహు స్వల్పము. అయినను ఆ మేలుకొలుపులో ఒక శాస్త్రమును, ఒక కౌశలమును, సుమారు నూటపాతిక సంవత్సరముల చరిత్రయును ఇమిడియున్నవి.

ఈ చరిత్ర రాష్ట్రేతరాంధ్రులమైన మనకు పరాయిది కాదు. స్వతంత్ర భారతమున మోటారుసైకిళ్లును స్కూటర్లును తయారైన ముఖ్యపట్టణములలో కొన్ని మనవారు తరతరములుగా నివసించుచున్నవి, లేదా వారి నివాసములకు చేరువనున్నవి. మద్రాసు, మైసూరు, పూనా, హోసూరు అట్టివి. అక్కడి కర్మాగారములనుండి వెలువడిన బండ్లే మన వాకిండ్లలో నిలిచినవి. వానిని చలిలో నడపించు నేర్పును మనము ఇరుగుపొరుగు భాషలవారితో కలిసి నేర్చుకొంటిమి. ఇప్పుడా నేర్పునకు అవసరము తీరిపోవుచున్నది. అది పూర్తిగా మరుగున పడకముందే దాని పుట్టుపూర్వోత్తరములను ఒకచోట చెప్పుకొనుట మంచిదని ఈ వ్యాసము.

చలి చేయు పని

మొదట కారణమును గ్రహింపవలెను. ఇంజనులో మండునది పెట్రోలు ద్రవము కాదు, పెట్రోలు ఆవిరి. పెట్రోలు ఏకద్రవ్యమును కాదు. అది అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. వానిలో తేలికయైనవి 30, 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే మరుగును. బరువైనవి మరుగుటకు 200 డిగ్రీల చేరువ వేడి కావలయును. ఇంజను వేడెక్కియున్నప్పుడు ఈ భాగములన్నియు ఇంచుమించు ఆవిరియై గాలితో కలిసిపోవును. చల్లని ఇంజనులోనైతే తేలిక భాగములు మాత్రమే ఆవిరియగును. తక్కినది బొట్లుబొట్లుగా గొట్టపు గోడలకును సిలిండరు గోడలకును అంటుకొని నిలిచిపోవును.

ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును. చలివేళ పెట్రోలు ఆ ప్రమాణముననే పోసినను, ఆవిరియైనది అందులో కొంత మాత్రమే కనుక, సిలిండరులోని మిశ్రమము పలుచనైపోవును. పలుచని మిశ్రమమునకు నిప్పురవ్వ తగిలినను అది అంటుకొనదు. దీనికి విరుగుడు ఒక్కటే. పెట్రోలును పెంచవలెను, లేదా గాలిని తగ్గించవలెను. పోసినదానిలో అధికభాగము ఆవిరి కాకపోయినను, అయిన కొంచెమే మంటకు చాలునంతగా పోయవలెను. చలిలో బండిని కదలించు ఉపాయములన్నియు ఈ ఒక్క సూత్రమునకు రూపాంతరములే.

చలి మరికొన్ని చిక్కులను కూడ తెచ్చును. ఇంజను నూనె చిక్కబడును. క్లచ్చి పలకలు ఒకదానికొకటి అతుకుకొనును. కిక్కు మీద ఎంత బలముగా కాలు వేసినను ఇంజను నిదానముగా తిరుగును. నిదానముగా తిరిగినప్పుడు గాలి లాగుడు తగ్గును, నిప్పురవ్వయు బలహీనమగును. కావుననే రాత్రి చక్కగా నడచిన బండి తెల్లవారుసరికి మొండికేయును.

కార్బురేటరు పుట్టుక

పెట్రోలును గాలితో కలుపు ఉపకరణమే కార్బురేటరు. 1885లో జర్మనీ దేశమున కాన్‌స్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లరు, విల్హెల్మ్ మైబాక్ అను నిరువురు కొయ్యచట్రముతో ఒక ద్విచక్రయంత్రమును నిర్మించిరి. పెట్రోలుతో నడచిన మోటారుసైకిళ్లలో అదియే మొదటిదని చరిత్రకారులు సామాన్యముగా అంగీకరింతురు. 1894లో మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అనువారు మోటారుసైకిళ్లను అమ్మకమునకై తయారుచేయసాగిరి. ఆ తొలినాళ్ల కార్బురేటర్లు చాల సాదావి. ఒక తొట్టిలో పెట్రోలు పోసి, దాని ఉపరితలము మీదుగా గాలిని పోనిచ్చెడివారు. గాలి తనకు దొరికిన ఆవిరిని వెంటబెట్టుకొని ఇంజనులోనికి పోయెడిది. ఎండకాలములో ఆవిరి అధికము, చలికాలములో స్వల్పము. వాతావరణమే యజమానియై ఇంజనును ఆడించెననవచ్చును.

ఈ పరాధీనతను తప్పించినది జల్లుపద్ధతి. 1738లో డేనియల్ బెర్నూలి ద్రవముల గమనమును గూర్చి ప్రకటించిన గ్రంథమును, 1797లో ఇటలీ దేశీయుడు జొవాన్ని బత్తిస్త వెంతూరి ప్రకటించిన పరిశీలనలును దీనికి పునాదులు. సన్నని గొంతుగుండ గాలి పోవునప్పుడు దాని వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. ఆ గొంతులో ఒక సన్నని రంధ్రము పెట్టినచో అడుగునున్న పెట్రోలు తానై పైకి వచ్చి జల్లుగా విరజిమ్మబడును. 1893లో మైబాక్ జర్మనీలోను, దొనాత్ బాంకి, యానోష్ చొంక అనువారు హంగరీలోను వేరువేరుగా ఈ పద్ధతిని రూపొందించిరి. హంగరీవారికి ఈ ఆలోచన పూలపై నోటితో నీరు చిలకరించుచున్న ఒక పూలమ్మిని చూచినప్పుడు తోచినదని ఒక కథ ప్రచారములో కలదు. కథ నిజమగుగాక, కాకపోవుగాక, కార్బురేటరు పనిని అంతకంటె సులభముగా బోధించు దృష్టాంతము లేదు.

జల్లుపద్ధతిలో రెండు ముఖ్యభాగములు గమనింపదగినవి. మొదటిది ఫ్లోటుగిన్నె. అందులో బోలుగానున్న తేలుబిళ్ల ఒకటి పెట్రోలుపై తేలుచుండును. మట్టము పెరిగినకొలది అది పైకి లేచి సూదితో ద్వారమును మూయును, తగ్గినప్పుడు తెరచును. రెండవది జెట్టు. తలవెంట్రుక దూరునంత సన్నని రంధ్రముగల ఇత్తడి మర ఇది. ఈ రెండింటి నడుమ జరుగు వ్యవహారములోనే చలివేకువ రహస్యమంతయు కలదు.

తొలినాళ్ల మోటారుసైకిలును కదలించుటకు పెడళ్లు త్రొక్కవలసియుండెను, లేదా ప్రక్కన పరుగెత్తుచు త్రోయవలసియుండెను. నిలిచియున్న బండిని కాలితో తన్ని నడపించు కిక్కు స్టార్టరును 1908లో ఇంగ్లండు దేశపు స్కాట్ మోటారుసైకిలు ప్రవేశపెట్టెను. 1927లో బర్మింగ్‌హామునందు మూడు కార్బురేటరు సంస్థలు కలిసి ‘అమాల్’ అను పేరుతో ఒక్కటయ్యెను. తరువాతి దశాబ్దములలో బ్రిటిషు మోటారుసైకిళ్లలో అధికభాగమునకు ఆ సంస్థ కార్బురేటర్లే అమర్చబడినవి. మన దేశమునకు వచ్చిన బుల్లెట్టుతో అమాల్ కూడ వచ్చెను.

మద్రాసు బుల్లెట్టు

సరిహద్దులలో తిరుగు సైనికులకొరకు భారత ప్రభుత్వము బుల్లెట్టును ఎన్నుకొనుటతో ఆ బండికి ఇక్కడ స్థానము కుదిరెను. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ మద్రాస్ మోటార్సుతో చేతులు కలుపగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడెను. మద్రాసు ఉత్తరభాగమున తిరువొత్తియూరులో వారి కర్మాగారము వెలసెను. మొదట విడిభాగములు తెప్పించి కూర్చిరి. పిదప అచ్చులను, పనిముట్లను కూడ తెప్పించి ఇక్కడనే తయారుచేసిరి. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970తో అంతరించినను మద్రాసు శాఖ బ్రతికి నేటికిని వర్ధిల్లుచున్నది. శాఖయే వృక్షమగుట పారిశ్రామిక చరిత్రలో అరుదైన విశేషము.

బుల్లెట్టును చలిలో నడపించుట ఒక క్రమము. ముందుగా పెట్రోలు కాకు తిప్పవలెను. పాత అమాల్ కార్బురేటరు గిన్నెపై ఒక చిన్న మీట యుండును. దానిని వ్రేలితో నొక్కినచో అది తేలుబిళ్లను క్రిందికి త్రోయును, ద్వారము తెరచుకొని గిన్నెలో మట్టము హద్దు మీరి పెరుగును. వ్రేలికి పెట్రోలు తడి తగిలినప్పుడు చాలునని గుర్తు. పిమ్మట తాళము వేయకయే రెండు మూడు మారులు నెమ్మదిగా త్రొక్కి మిశ్రమమును సిలిండరులోనికి లాగించవలెను. అప్పుడు తాళము త్రిప్పి, ఆమీటరు ముల్లును చూచుచు కిక్కును మెల్లగా దింపవలెను. ముల్లు ఒకప్రక్కకు ఒరిగి తిరిగి నడిమికి వచ్చుచోట పిస్టను ఒత్తిడి శిఖరమును సమీపించియుండును. అక్కడ డీకంప్రెసరు మీట పట్టి ఒత్తిడిని వదలించి, పిస్టనును శిఖరము దాటించి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, ఒక్క నిండు అడుగు వేయవలెను.

ఇందులో ఏ మెట్టు తప్పినను బండి ఊరకుండదు. సగము మనసుతో వేసిన కిక్కు ఎదురుతన్నును. ఆ దెబ్బకు చీలమండ బెణికినవారు, మోకాలు పట్టుకొని కూర్చుండినవారు ఎందరో కలరు. క్రమము నెరిగిన సన్ననివాడు ఒక్క తన్నునకు నడపించిన బండిని క్రమము తెలియని బలశాలి చెమటలు క్రక్కుచు కదలించలేకపోవుట వీధిలో తరచు కనబడిన దృశ్యమే. బుల్లెట్టు బలమును గాక ఓర్పును పరీక్షించెడిది.

మైసూరు జావా

మద్రాసు బుల్లెట్టు నాలుగు ఘాతముల ఇంజను. మైసూరు బండి రెండు ఘాతములది. చెకోస్లొవేకియాలో ఫ్రాంతిషెక్ యానెచెక్ 1929లో స్థాపించిన సంస్థ జావా. ఆయన పేరులోని మొదటి అక్షరములను, వాండరర్ అను జర్మను సంస్థ పేరులోని మొదటి అక్షరములను కలుపగా ఆ నామమేర్పడెను. ఇరానీ కుటుంబీకులు మైసూరులో 1960లో ఐడియల్ జావా సంస్థను నెలకొల్పిరి. 1961 నుండి బండ్లు వెలువడసాగినవి. 1973 నుండి వానికి యెజ్డి అను పేరు వచ్చెను. 1996లో ఆ కర్మాగారము మూతపడెను.

జావాలో ఒకే మీట కిక్కునకును గేరునకును ఉపయోగపడుట దాని విశిష్టత. నడపించిన పిమ్మట అదే మీటను ముందుకు వంచి గేరు వేయవచ్చును. దాని యికోవ్ కార్బురేటరునకు కూడ గిన్నెను పొంగించు మీట యుండెను. రెండు ఘాతముల ఇంజనులో పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. బండి రాత్రియంతయు నిలిచియున్నప్పుడు గిన్నెలోని పెట్రోలులో తేలికభాగము ఎగిరిపోయి, నూనెపాలు హెచ్చిన చిక్కని ద్రవము అడుగున మిగులును. ప్రొద్దున మొదటి తన్నులకు అదియే ఇంజనులోనికి పోవును. ప్లగ్గు తడిసి మసిపట్టును. అందువలన రాత్రి ఇల్లు చేరుటకు కొంచెము ముందుగనే కాకు మూసి, గిన్నెను ఖాళీ చేయుచు బండిని ఆపెడి అలవాటు తెలిసినవారికుండెను. మరునాటి వేకువకు కావలసిన ఏర్పాటు ముందటి రాత్రియే జరుగుననుట ఇందలి నీతి.

పూనా స్కూటరు, హోసూరు బండి

పూనా సమీపమున ఆకుర్డిలో బజాజ్ సంస్థ ఇటలీ పియాజియోవారి సహకారముతో 1960 దశకమున వెస్పా స్కూటర్లను తయారుచేసెను. ఆ సహకారము ముగిసిన పిదప 1972లో రాణా ప్రతాపుని గుర్రము పేర చేతక్ వెలువడెను. స్కూటరు మోటారుసైకిలు కాకపోయినను చలివేకువ కథలో దానికి ప్రత్యేకస్థానము కలదు. తన్నుటకు ముందు బండిని ఒక ప్రక్కకు నేలదాక వంచి, క్షణమాగి, తిరిగి నిలబెట్టి తన్నెడివారు. చూచువారికి ఇది గుర్రమునకు మ్రొక్కినట్లుండెడిది. దీనిలో మూఢవిశ్వాసమేమియు లేదు. వంచినప్పుడు గిన్నెలోని మట్టము చెదరి, పెట్రోలు కొంత పొంగి గొంతులోనికి జారును. బుల్లెట్టువాడు వ్రేలితో చేసినపనినే స్కూటరువాడు రెండు చేతులతో చేసెను. శాస్త్రము చదువకయే సామాన్యుడు ఫ్లోటుగిన్నె స్వభావమును కనిపెట్టెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

హోసూరు నగరమును తెలుగువారికి పరిచయము చేయనక్కరలేదు. తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడును ఒకే అంగడిలో వినవచ్చు ఊరది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడు అది మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. అక్కడి టి.వి.ఎస్. కర్మాగారమునుండి 1980లో ఇద్దరు కూర్చుండదగిన టి.వి.ఎస్. 50 మోపెడును, 1984లో జపాను సుజుకీ సహకారముతో 100 సి.సి. మోటారుసైకిలును వచ్చినవి. మరుసటి సంవత్సరమున హోండా సహకారముతో హీరో హోండా సి.డి. 100 కూడ విపణిలోనికి దిగెను. ఈ జపాను పద్ధతి బండ్లతో చలివేకువ క్రమమే మారిపోయెను.

వీనిలో అనేకములకు, తరువాతి బుల్లెట్లకును అమరిన మికునీ పద్ధతి కార్బురేటరులో వ్రేలితో నొక్కు మీట లేదు. చోకు మీటను ఎత్తినచో గాలికి అడ్డు పడదు. అందుకు మారుగా ప్రత్యేకమైన ఒక సన్నని మార్గము తెరచుకొని, అధిక పెట్రోలు నేరుగా ఇంజనువైపు పోవును. ఇంజను లాగుడు బలముగానున్నప్పుడే ఆ మార్గము పనిచేయును. యాక్సిలరేటరు తిప్పినచో లాగుడు తగ్గి, చోకు నిరుపయోగమగును. కావున ఇట్టి బండిని యాక్సిలరేటరు ముట్టకుండ తన్నవలెను. పాతబండ్లకు అలవాటుపడిన పెద్దలు చేయి ఊరకుండక యాక్సిలరేటరును త్రిప్పుచు తన్నగా బండి నడవకపోవుటయు, వారి కుమారులు చేయి తీసి ఒక్క తన్నునకు నడపించుటయు విడ్డూరముగా కనిపించినను, అందలి కారణమిదియే.

మన చలి, మన బండ్లు

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. యూరపు దేశములలో నీరు గడ్డకట్టు చలిలో నడచిన ఇంజనులు మన చలికి మొరాయింపనేల? బెంగుళూరులో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు. సామాన్యముగా అక్కడ జనవరి వేకువలు 15 డిగ్రీల ప్రాంతముననుండును. మైసూరు, కోలారు, హోసూరు మండలములలోను ఇంచుమించు ఇంతియే. ఒడిషాలో కోరాపుట్టు కొండలయందు చలి ఇంకను తీవ్రము. గౌతమీతీరమున యానాములో చోకు మీటకు పని పడుటయే తక్కువ.

మంచి స్థితిలోనున్న ఇంజను 15 డిగ్రీల చలికి మొండికేయదు. మొండికేసినచో అది చలి చేసిన తప్పు కాదు. ప్లగ్గు మసిపట్టియుండవచ్చును. కాంటాక్టు పాయింట్లు అరిగి, వాని సందు మారియుండవచ్చును. జెట్టులో నలక చేరియుండవచ్చును. వాల్వులు సరిగా కూర్చుండకపోవచ్చును. పాతబండ్ల 6 వోల్టుల బ్యాటరీ డస్సియుండవచ్చును. వేడియింజను ఈ లోపములను కప్పిపుచ్చును, చల్లనియింజను వానిని బయటపెట్టును. చలి రోగము కాదు, వైద్యుడు. ఈ సంగతి తెలిసిన మేస్త్రి చలికాలపు మొరాయింపును విని మొదట ప్లగ్గు ఊడదీసి దాని రంగు చూచును. నల్లని పొడిమసియైన మిశ్రమము చిక్కనిదనియు, తెల్లబారియుండిన పలుచనిదనియు, లేత గోధుమవన్నెయైన ఆరోగ్యమనియు నిర్ణయించును.

తెలియనివాడు చేయునది దీనికి విరుద్ధము. బండి నడువకున్నచో చోకు ఎత్తియే ఉంచి పది ఇరువది మారులు తన్నును. అంతట పెట్రోలు మితిమీరి ప్లగ్గు మునిగిపోవును. అప్పుడు చేయదగినది కాకు మూసి, చోకు దింపి, యాక్సిలరేటరును పూర్తిగా త్రిప్పిపట్టి పలుమారులు తన్ని అధికమైనదానిని వెడలగొట్టుట. అదియు ఫలింపనిచో ప్లగ్గును విప్పి తుడిచి, గరుకుకాగితముతో శుభ్రపరచి ఆరబెట్టి తిరిగి బిగించుట. కట్టకడపటి ఉపాయము గేరు వేసి, క్లచ్చి పట్టి, ఇరువురిచేత త్రోయించుట.

బండి నడచిన పిమ్మట పాటింపవలసిన మర్యాదలు కూడ కలవు. చోకును అవసరమునకు మించి ఎత్తియుంచినచో, మండని పెట్రోలు సిలిండరు గోడలపైనున్న నూనెపొరను కడిగివేయును, పిస్టను రింగులు త్వరగా అరుగును. నూనె ఇంకను పైకి చేరని చల్లని ఇంజనును గట్టిగా రేజు చేయుటయు అంతే చేటు. అన్నింటికంటె ముఖ్యమైనది ప్రాణమునకు సంబంధించినది. చోకు ఎత్తియున్నప్పుడు వెలువడు పొగలో కార్బన్ మోనాక్సైడు అధికము. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికి తలుపులు మూసుకొని నడవలోనో వసారాలోనో బండిని వేడెక్కించుట ప్రమాదకరము. వాకిటికి తెచ్చి, గాలి ఆడుచోట మాత్రమే ఆ పని చేయవలెను.

భాషల నడుమ సాగిన విద్య

ఈ నేర్పు మనకు ఏ భాషలో వచ్చినది? కంపెనీవారి చేతిపుస్తకములు ఆంగ్లములోనుండెను. వానిని చదివి నేర్చినవారు కొలదిమందియే. తక్కినవారు మేస్త్రి ప్రక్కన నిలిచి, తండ్రి చేతిని చూచి, పొరుగువారి బండిని త్రోసి నేర్చిరి. మద్రాసులో మేస్త్రి తమిళమున చెప్పెను, మైసూరులో కన్నడమున, షోలాపురమున మరాఠీలో, బరంపురమున ఒడియాలో. మన బండిని తమిళులు ‘వండి’ యన్నారు. అది మన మాటకు తోబుట్టువే. కన్నడిగులును మరాఠీలును ‘గాడీ’ యన్నారు. మహారాష్ట్రమున మోటారుసైకిలు ‘ఫట్‌ఫటీ’గా ప్రసిద్ధి కెక్కెను. కాని చోకు, కిక్కు, ప్లగ్గు, కాకు, గేరు అన్నవి అన్ని భాషలలోను ఒక్కటే. వానికి చివర ఉకారము చేర్చి మనము తెలుగు మాటలుగా చేసికొంటిమి. ‘చోకు’ అను ఆంగ్లపదమునకు గొంతు నొక్కుట అని అర్థము. ఇంజనుకు ఊపిరి తగ్గించు పని కనుక ఆ పేరు వచ్చెను. ఆ అర్థము తెలిసియున్న, బండి నడచిన వెంటనే దానిని దింపవలెనని మరి ఒకరు చెప్పనక్కరలేదు.

ఒక విషయము గమనింపదగినది. నేర్పు చేతినుండి చేతికి వచ్చునప్పుడు కారణము తరచు జారిపోవును, క్రియ మాత్రము మిగులును. స్కూటరును వంచువారిలో ఎందుకు వంచుచున్నామో చెప్పగలవారు తక్కువ. చోకు ఎత్తినప్పుడు యాక్సిలరేటరు ముట్టరాదని తెలిసినవారిలోను కారణము తెలిసినవారు తక్కువ. క్రియ మాత్రమే తెలిసినవాడు బండి మారగనే నిస్సహాయుడగును. కారణము తెలిసినవాడు ఏ బండినైనను లొంగదీయగలడు.

కార్బురేటరు నిష్క్రమణము

పెట్రోలును కంప్యూటరు లెక్కకట్టి చిమ్ము ఇంజెక్షను పద్ధతి మన దేశపు ద్విచక్రవాహనములలోనికి 2006లో హీరో హోండా గ్లామరుతో తొలిసారి ప్రవేశించినవానిలో ఒకటిగా వచ్చెను. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ కూడ ఆ పద్ధతిని స్వీకరించెను. ఈ పద్ధతిలో ఇంజను ఎంత చల్లగానున్నదో ఒక సెన్సారు కనిపెట్టును, దానికి తగిన పెట్రోలును యంత్రమే నిర్ణయించును. చోకు మీటకు పని లేదు, వ్రేలితడికి పని లేదు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 కాలుష్యనియమములు అమలులోనికి రాగా, కొత్తగా అమ్మబడు మోటారుసైకిళ్లలో కార్బురేటరు కథ ముగిసెను. అదే సంవత్సరమున చేతక్ పేరు తిరిగి వచ్చెను, కాని ఈ మారు విద్యుత్తుతో. దానికి పెట్రోలే అక్కరలేదు, వంచుటయేల?

ఇది అభ్యుదయమే. మితిమీరిన పెట్రోలు పొగయై మన ఊపిరితిత్తులలో చేరెడి కాలము పోవుట సంతోషింపదగినది. అయినను పాతబండ్లు ఇంకను వేలకొలదిగా మన వీధులలోను, వసారాలలోను ఉన్నవి. వానికి ఇటీవల కొత్త పరీక్ష ఎదురైనది. 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతటను సామాన్యమయ్యెను. ఇథనాలు 78 డిగ్రీలకు గాని మరుగదు. అది ఆవిరియగుటకు పెట్రోలుకంటె రెండింతలకు మించిన వేడిని పీల్చుకొనును. గాలిలోని తేమను కూడ చేర్చుకొనును. పాత రబ్బరు వాషరులను చెడగొట్టును. కావున నెలలతరబడి నిలిపిన పాతబండి చలివేకువను పూర్వముకంటె ఎక్కువగా మొరాయించుట సహజము. దానిని నిలిపియుంచువారు గిన్నెను ఖాళీచేసి ఉంచుట, రబ్బరు గొట్టములను అప్పుడప్పుడు మార్చుట, నిలవ పెట్రోలును తీసివేసి తాజాది పోయుట అవసరము.

తాతగారి బుల్లెట్టును, తండ్రిగారి యెజ్డిని అమ్మక నిలుపుకొన్న కుటుంబములు మనలో కలవు. బండి మిగిలి నేర్పు మిగులనిచో ఆ బండి కొంతకాలమునకు ఇనుపసామానువాని పాలగును. కావున పెద్దలు పిల్లలకు బండి తాళముతోబాటు కారణమును కూడ అప్పగింతురు గాక. మీట ఎందుకు నొక్కవలెనో, ముల్లు ఎందుకు చూడవలెనో, చోకు ఎప్పుడు దింపవలెనో ఇంటి తెలుగులో చెప్పుదురు గాక. మనము ఉన్న రాష్ట్రములలో పాఠశాలలోను, కచేరీలోను పిల్లలు వేరుభాషలు మాట్లాడవలసియే యుండును. పనిముట్లను గూర్చి, ఇంటిపనిని గూర్చి తెలుగులో మాట్లాడు అవకాశము తగ్గినకొలది భాష పండుగలకును, సభలకును మాత్రమే పరిమితమగును. పని చేయుచు మాట్లాడు భాషయే బ్రతుకు భాష. చలివేకువను బండి ప్రక్కన నిలిచి ఒక తెలుగు కుటుంబము చెప్పుకొను నాలుగు మాటలు ఆ బ్రతుకునకు చెందినవే.